బ్రిటన్ జనం రోజువారీ నియమాలకు మరీ ఎక్కువగా తలవంచుతున్నారా?

డేల్స్‌బాటసారి

అందరికీ నమస్కారం. చాలా కాలంగా మనసులో నలుగుతున్న విషయం, మీ అభిప్రాయాలు కావాలి.

మొన్న రాత్రి స్కిప్టన్ దాటాక ఒక ఇరుకు రోడ్డు మీద మరమ్మతుల కోసం తాత్కాలిక సిగ్నల్ పెట్టారు. ఎర్రదీపం వెలుగుతోంది. అవతలి నుంచి ఒక్క బండి రావడం లేదు, దీపం మారడమూ లేదు. నా ముందు మూడు కార్లు, వెనుక ఇంకొన్ని. ఎవరూ హారన్ కొట్టలేదు, ఎవరూ కదల్లేదు. చాలాసేపటికి మొదటి కారులోని పెద్దాయన దిగి, టార్చి వేసుకుని అవతలి చివరిదాకా నడిచి వెళ్లాడు. అక్కడి దీపం కూడా ఎర్రగానే నిలిచిపోయిందని చూసి వచ్చి, ఒక్కొక్క కారు కిటికీ దగ్గర వంగి ఆ సంగతి చెప్పాడు. ఆ తర్వాతే అందరం కదిలాం.

ఆయన మీద నాకు గౌరవం కలిగింది, అది నిజం. కానీ అంతసేపు ఇంతమంది పెద్దవాళ్లు కళ్లెదుట ఖాళీ రోడ్డు పెట్టుకుని కూర్చోవడం నన్ను కలవరపెట్టింది. ఏ చెత్త డబ్బా ఏ వారం బయట పెట్టాలో కౌన్సిల్ చెబుతుంది, పెడతారు. పచ్చిక మీద నడవవద్దని బోర్డు ఉంటుంది, నడవరు. నియమం ఎందుకు ఉందో అడగకుండా పాటించడం చిన్న విషయాల్లో అలవాటైతే, పెద్ద విషయాల్లోనూ అడిగే నోరు మూతపడుతుందేమోనని నా భయం. ఈ దేశపు జనం కాస్త ఎక్కువగా తలవంచుతారని నాకనిపిస్తోంది. మీరేమంటారు?

మైలురాయి

బాటసారి గారూ, నేను బర్మింగ్‌హామ్‌లో డ్రైవింగ్ నేర్పుతాను. రోజంతా రోడ్డు మీదే ఉంటాను కాబట్టి మీ మాటతో ఏకీభవించలేను.

రవాణా శాఖ ఏటా లెక్కలు ప్రచురిస్తుంది. దారి ఖాళీగా ఉన్నప్పుడు గంటకు 30 మైళ్ల పరిమితి ఉన్న రోడ్లలో దాదాపు సగం కార్లు ఆ వేగం దాటుతున్నాయి. మోటారువేలో 70 మైళ్ల పరిమితి గతీ అంతే. కెమెరా కనబడగానే అందరూ ఒక్కసారిగా బ్రేకు వేస్తారు, దాటగానే మళ్లీ వేగం అందుకుంటారు. బడి ముందు పసుపు గీతల మీద కారు ఆపి పిల్లల్ని దించే తల్లిదండ్రులను రోజూ చూస్తున్నాను. వాళ్లే దుకాణంలో క్యూ తప్పిన మనిషిని చూస్తే కోపంతో ఎర్రబడిపోతారు.

మీ సిగ్నల్ దగ్గర జనం ఆగింది నియమం మీద భక్తితో కాదు. వంపు అవతల ఏ లారీ వస్తుందో తెలియదు, రోడ్డు ఇరుకు. నేనైనా ఆగమనే నేర్పుతాను.

రైన్‌తీరం

నేను జర్మనీలో కొలోన్ నగరంలో ఉంటాను, పని మీద లండన్ వస్తూ ఉంటాను. తలవంచడం గురించి మాట్లాడాలంటే ముందు మా ఊరు రండి. ఇక్కడ పాదచారి ఎర్రదీపం ఉండగా రోడ్డు దాటితే 5 యూరోల జరిమానా ఉంది. డబ్బు చిన్నదే, కానీ పక్కనున్న వాళ్లు ఊరుకోరు, పిల్లలు చూస్తున్నారని మొహం మీదే అనేస్తారు. లండన్‌లో దిగిన మొదటి రోజు చారింగ్ క్రాస్ దగ్గర జనమంతా ఎర్రదీపం ఉండగానే అటూ ఇటూ చూసి దాటేస్తుంటే నేనొక్కడినే గట్టు మీద నిలబడ్డాను. ఇంగ్లండ్‌లో అలా దాటడం నేరమే కాదని ఆ తర్వాత తెలిసింది. దాటాలా వద్దా అన్నది పాదచారి విచక్షణకే వదిలేశారు.

అందుకని బ్రిటన్‌ను యూరప్‌లోకెల్లా విధేయమైన దేశమంటే ఒప్పుకోవడం నాకు కష్టం.

వెంబ్లీవాసి

ఈ చర్చలో ఎస్కలేటర్ సంగతి రాకపోతే ఎలా! లండన్ భూగర్భ రైలు స్టేషన్లలో ఎస్కలేటర్ మీద కుడివైపు నిలబడాలి, ఎడమవైపు నడిచేవాళ్లకు వదలాలి. ఇది చట్టం కాదు, అతిక్రమిస్తే జరిమానా లేదు. కానీ ఎడమవైపు నిలబడి చూడండి, వెనుక నుంచి వచ్చే నిట్టూర్పులు మెడ మీద తగులుతాయి.

2015 చివర్లో హాల్బర్న్ స్టేషన్‌లో అధికారులు ఒక ప్రయోగం చేశారు. అక్కడి ఎస్కలేటర్ ఎత్తు 23 మీటర్ల పైమాటే. అంత ఎత్తు నడిచి ఎక్కేవాళ్లు తక్కువ, కాబట్టి ఎడమవైపు సగం మెట్లు ఖాళీగా పోతుంటే కింద జనం కిక్కిరిసి నిలబడుతున్నారు. రెండు వైపులా నిలబడితే రద్దీ వేళల్లో దాదాపు 30 శాతం ఎక్కువమందిని పైకి చేర్చవచ్చని తేలింది. 2016లో మరికొన్ని నెలలు మళ్లీ ప్రయత్నించారు. సిబ్బంది మైకుల్లో చెప్పారు, బోర్డులు పెట్టారు, మెట్ల మీద పాదాల గుర్తులు వేశారు. జనం విసుక్కున్నారు, వాదించారు, సిబ్బంది అటు తిరగగానే ఎడమవైపు నడక మొదలుపెట్టారు. ప్రయోగం అక్కడితో ఆగింది, కుడివైపు నిలబడే పద్ధతే మిగిలింది.

ఇక్కడ అధికారి చెప్పిన నియమం ఓడిపోయింది, జనం తమలో తాము పెట్టుకున్న నియమం గెలిచింది. నా అనుభవంలో ఈ దేశం తీరే అది. పక్కవాడికి అన్యాయం జరుగుతుందనుకుంటే ప్రాణం పోయినా తప్పరు. పైనుంచి వచ్చిన ఆదేశమైతే ఎందుకని అడుగుతారు. 2022 సెప్టెంబరులో రాణి భౌతికకాయాన్ని చూడటానికి థేమ్స్ ఒడ్డున సుమారు రెండున్నర లక్షల మంది బారులు తీరారు. ఫుట్‌బాల్ ఆటగాడు డేవిడ్ బెకమ్ కూడా పన్నెండు గంటలకు పైగా అందరితో పాటే నిలబడ్డాడు. ముందుకు దూరే వీలుండి కూడా దూరలేదు, అందుకే జనం ఆయన్ని మెచ్చుకున్నారు.

లోయలవైద్యుడు

నేను దక్షిణ వేల్స్ లోయల్లో వైద్యుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. మా తరం తెలుగు డాక్టర్లు చాలామంది ఇటువైపే వచ్చారు. ఈ చర్చను చదువుతుంటే ఒక మాట చెప్పకుండా ఉండలేకపోయాను.

కారు ముందు సీట్లలో బెల్టు తప్పనిసరి అయింది 1983 జనవరి 31న. అంతకు ముందు పదేళ్లకు పైగా ప్రచారం చేస్తూనే ఉన్నారు. ఇష్టముంటే పెట్టుకోండి అన్నారు, సగానికి పైగా పెట్టుకోలేదు. అప్పట్లో శనివారం రాత్రి అత్యవసర విభాగంలో డ్యూటీ అంటే ఏమిటో నాకు తెలుసు. ముందు అద్దానికి గుద్దుకుని వచ్చే కుర్రాళ్ల ముఖాల్లోంచి గాజు ముక్కలు ఒక్కొక్కటే పట్టకారుతో ఏరి, ఉక్కు పళ్లెంలో వేసేవాళ్లం. కంట్లో దిగిన పెంకులను ముట్టుకునే ధైర్యం చేయక కార్డిఫ్‌కు పంపేవాళ్లం. చట్టం వచ్చిన తర్వాత బెల్టు వాడకం ఒక్కసారిగా తొంభై శాతం దాటింది. ఆ ఏడాదే ఆ రకం గాయాలు తగ్గడం మా వార్డులో కళ్లారా చూశాం. దాన్ని తలవంచడమంటే నేను ఒప్పుకోను.

అయితే ఆ చట్టాలేవీ సులువుగా రాలేదు. 1967లో రవాణా మంత్రి బార్బరా కాజిల్ తాగి బండి నడిపేవాళ్లను పట్టే శ్వాస పరీక్ష ప్రవేశపెట్టినప్పుడు జనం ఆవిడను తిట్టిపోశారు, బెదిరింపు ఉత్తరాలు రాశారు. తొలి ఏడాదిలోనే రోడ్డు మరణాలు వెయ్యికి పైగా తగ్గాయి. మా వేల్స్‌లో 2023 సెప్టెంబరు 17న జనావాసాల్లో వేగ పరిమితిని 30 నుంచి 20 మైళ్లకు తగ్గిస్తే, వ్యతిరేకంగా నాలుగు లక్షల అరవై వేలకు పైగా సంతకాలు వచ్చాయి. వేల్స్ జనాభా ముప్పై లక్షలు దాటి కొద్దిగానే. మా శాసనసభ సెనెడ్ చరిత్రలో అంత పెద్ద వినతిపత్రం లేదు. నా పొరుగువాళ్లు సగం మంది సంతకం పెట్టారు, నేను పెట్టలేదు. ఇప్పుడు వాళ్లూ ఆ వీధుల్లో నెమ్మదిగానే నడుపుతున్నారు, గొణుగుతూనే.

ఇక్కడివాళ్లు ముందు గట్టిగా పోట్లాడతారు, తర్వాత ఫలితం చూసి పాటిస్తారు. బాటసారి గారికి కనబడుతున్నది ఆ చివరి దశ మాత్రమే.

డేల్స్‌బాటసారి

డాక్టరు గారూ, మీ అనుభవం ముందు నేను వాదించలేను, బెల్టు విషయంలో వాదించను కూడా. కానీ నా ప్రశ్నకు మూలం వేరు. లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అనే ఫ్లాట్ల భవనం గురించి ఆలోచించండి. 2017 జూన్ 14 తెల్లవారుజామున ఆ భవనం అంటుకున్నప్పుడు లోపలివాళ్లకు ఇచ్చిన సలహా ఒకటే, ఫ్లాటులోనే ఉండండి, బయటకు రావద్దు. అది చాలా భవనాల్లో ఉన్న నియమమే. దాన్ని నమ్మి ఆగినవాళ్లున్నారు. 72 మంది చనిపోయారు. ఆ సలహాను దాదాపు గంట ముందే మార్చి ఉండాల్సిందని 2019 విచారణ నివేదిక చెప్పింది. మాట వినకుండా మెట్లు దిగిన వాళ్లలో చాలామంది బతికారు.

నియమాన్ని నమ్మే అలవాటు ప్రాణాల మీదికి వచ్చిన సందర్భం కాదా ఇది?

తర్కశాస్త్రి

బాటసారి గారూ, కోపగించుకోకండి, ఈ ఉదాహరణను అలా వాడటం నాకు బాధ కలిగించింది. నేను లండన్‌లో న్యాయవాదుల కార్యాలయంలో పనిచేస్తాను, ఆ నివేదికలు చదివాను.

గ్రెన్‌ఫెల్ నివాసులు విధేయంగా కూర్చున్నవాళ్లు కారు. తమ భవనం భద్రతపై ఏళ్ల తరబడి ఫిర్యాదులు చేశారు. ఘోరం జరిగితే తప్ప యాజమాన్యానికి కళ్లు తెరుచుకోవని 2016 నవంబరులోనే తమ బ్లాగులో రాశారు. ఎవరూ వినలేదు. 72 మరణాలూ నివారించదగినవేనని 2024 సెప్టెంబరులో వచ్చిన తుది నివేదిక తేల్చింది. మండే పలకలు అమ్మిన కంపెనీల మోసాన్ని, ప్రభుత్వాల నిర్లక్ష్యాన్ని ఎండగట్టింది. లోపలే ఉండమనే సలహాకు ఒక ఆధారం ఉంది. ఒక ఫ్లాటులో మంట పుడితే పక్క ఫ్లాటుకు పాకకుండా గోడలు ఆపుతాయన్నది ఆ ఆధారం. గోడల మీద మండే పలకలు తగిలించిన రోజే అది పోయింది. నియమం తప్పింది కట్టినవాళ్లు, తప్పుతుంటే చూస్తూ ఊరుకున్నవాళ్లు. పాటించిన వాళ్లను మనం ప్రశ్నించకూడదు.

ఇక ఈ దేశంలో జనం ఎప్పుడు కాదంటారో చెబుతాను. యుద్ధకాలంలో, 1939లో, ప్రతి ఒక్కరికీ గుర్తింపు కార్డు ఇచ్చారు. యుద్ధం ముగిసినా కార్డులు పోలేదు, పోలీసులు చీటికీ మాటికీ చూపించమనేవారు. 1950 డిసెంబరులో క్లారెన్స్ విల్కాక్ అనే వ్యక్తి లండన్‌లో కారు నడుపుతుండగా కానిస్టేబుల్ ఆపి కార్డు అడిగాడు. ఆయన చూపించనన్నాడు, స్టేషన్‌లో చూపించమంటే అదీ కాదన్నాడు. కేసు పై కోర్టుకు వెళ్లింది. చట్టప్రకారం ఆయనది తప్పేనని తీర్పు వచ్చింది, కానీ యుద్ధం కోసం చేసిన చట్టాన్ని మామూలు రోజుల్లో ఇలా వాడితే జనానికి పోలీసుల మీద విముఖత పుడుతుందని ప్రధాన న్యాయమూర్తి లార్డ్ గొడార్డ్ గట్టిగా మందలించారు. 1952లో కార్డులు రద్దయ్యాయి. 2006లో మళ్లీ చట్టం తెచ్చారు, 2010 ఎన్నికల తర్వాత వచ్చిన ప్రభుత్వం దాన్నీ రద్దు చేసింది. 2025 సెప్టెంబరులో డిజిటల్ గుర్తింపు ప్రకటన రాగానే పార్లమెంటు వెబ్‌సైట్‌లో ఇరవై లక్షలకు పైగా సంతకాలు చేరాయి.

తలపన్ను సంగతి కూడా చూడండి. స్కాట్లండ్‌లో 1989లో, ఇంగ్లండ్, వేల్స్‌లలో 1990లో వచ్చింది. కోటీశ్వరుడికీ కూలివాడికీ ఒకే మొత్తం. లక్షల మంది కట్టనే లేదు. 1990 మార్చి 31న ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ప్రదర్శన అల్లర్లుగా మారింది, నవంబరుకల్లా థాచర్ రాజీనామా చేశారు, 1993లో ఆ పన్నే పోయింది. ఎర్రదీపం దగ్గర ఓపికగా ఆగే ఈ జనమే ఒక ప్రధానిని దించడంలో పాలుపంచుకున్నారు.

రాత్రిడ్యూటీ

నేను మాంచెస్టర్‌లో నర్సును. తర్కశాస్త్రి గారు చెప్పినదానికి నా మాట కూడా చేరుస్తాను.

2020 మార్చి 23న కోవిడ్ కారణంగా ఇళ్లలోనే ఉండమన్నారు. జనం ఎంతోకాలం ఓర్చుకోలేరని, తొందరగా విసిగిపోతారని అప్పట్లో అనుకున్న వాళ్లున్నారు. విసిగిపోలేదు. మా వార్డులో ఒకావిడ తండ్రి పోతుంటే కారు పార్కింగ్‌లోనే కూర్చుంది, లోపలికి రాలేదు. నేను ప్లాస్టిక్ సంచిలో చుట్టిన టాబ్లెట్‌ను ఆయన చెవి దగ్గర పట్టుకున్నాను. ఆవిడ చిన్నప్పటి సెలవుల గురించి, బ్లాక్‌పూల్ సముద్రం గురించి చెబుతూ ఉంది. ఆయన ఊపిరి ఆగిన తర్వాత కూడా ఆవిడకు తెలియక ఇంకా చెబుతూనే ఉంది. నేనే ఆపాల్సి వచ్చింది.

ఆవిడ లోపలికి రాకపోవడాన్ని ఎవరైనా మందబుద్ధి విధేయత అంటే నాకు ఒళ్లు మండుతుంది. పక్క మంచం మీది మనిషికి జబ్బు అంటకూడదని ఆగింది.

తర్వాత ప్రధాని ఉండే డౌనింగ్ స్ట్రీట్‌లో ఆ రోజుల్లోనే విందులు జరిగాయని బయటపడింది. పోలీసులు 126 జరిమానాలు వేశారు. ప్రధాని జాన్సన్‌కు, ఆర్థిక మంత్రి సునాక్‌కు కూడా పడ్డాయి. కంచే చేను మేసిందన్న బాధ అది. ఆ కోపం రెండేళ్లయినా చల్లారలేదంటే, నియమాన్ని మనస్ఫూర్తిగా పాటించిన వాళ్ల కోపం కాబట్టి.

సగటుజీవి

నేను క్రోయిడన్‌లో ఉంటాను. మీరంతా బ్రిటన్ జనం అంటున్నారు. నాకు ఈ చర్చలో మన సంగతి కనబడటం లేదు.

ఇక్కడ పుట్టినవాడు పన్ను కట్టనని బోర్డు పట్టుకుని నిలబడగలడు. వర్క్ వీసా మీద ఉన్న నేను నిలబడగలనా? ఉద్యోగం పోయి హోం ఆఫీసు వీసా కుదిస్తే సాధారణంగా అరవై రోజుల్లో కొత్త యజమానిని వెతుక్కోవాలి, లేదా వెళ్లిపోవాలి. శాశ్వత నివాసం అడిగే రోజున పోలీసు కేసులేవైనా ఉన్నాయా అని ఫారంలో అడుగుతారు. కాబట్టి వేగం కెమెరా అంటే నాకు భయం, పార్కింగ్ నోటీసు అంటే భయం, మేనేజరు కనుబొమ్మ ముడిపడితే భయం. నేను పాటిస్తున్నవి నియమాలే, కానీ మీరు చెబుతున్న న్యాయబుద్ధితో కాదు.

మా చిన్నాన్న కూతురు వృద్ధుల ఇళ్లకు వెళ్లి చూసుకునే సంరక్షణ సంస్థలో పనిచేస్తోంది. గుంటూరులో బంగారం తాకట్టు పెట్టి ఏజెంటుకు డబ్బు కట్టి వచ్చింది. వారానికి రాసిచ్చిన గంటలు ఒకటి, చేయించేవి వేరు. ఒక ఇంటి నుంచి మరో ఇంటికి బస్సులో వెళ్లే సమయానికి జీతం ఇవ్వరు. అడగమ్మా అంటే, అన్నయ్యా వాళ్లు నా వీసా స్పాన్సర్‌షిప్ తీసేస్తారు అంటుంది. ఆ యజమాని నియమాలు తప్పుతున్నాడు, ఆ పిల్ల పాటిస్తోంది. తలవంచడం గురించి మాట్లాడాలంటే ఇది మాట్లాడుకుందాం.

వెంబ్లీవాసి

సగటుజీవి గారూ, మీరన్నది ముమ్మాటికీ నిజం. ఒక్కటి మాత్రం చెప్పనివ్వండి. మా ఇంటికి దగ్గర్లోని విల్స్‌డెన్‌లో 1976 ఆగస్టులో గ్రన్‌విక్ ఫొటో ప్రాసెసింగ్ కేంద్రంలో సమ్మె మొదలైంది. ముందు నిలిచింది జయాబెన్ దేశాయ్ అనే గుజరాతీ మహిళ, తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చిన ఆవిడ. ఓవర్‌టైం చేయమని చివరి నిమిషంలో ఆదేశిస్తే కాదని బయటకు నడిచింది. చీరలు కట్టుకున్న ఆ ఆడవాళ్లకు మద్దతుగా ఎక్కడెక్కడి నుంచో గని కార్మికులు వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. అక్కడి తపాలా ఉద్యోగులు ఆ కంపెనీ ఉత్తరాలు ముట్టుకోలేదు. దాదాపు రెండేళ్లు సాగి 1978లో సమ్మె ఓడిపోయింది, నిజమే. కానీ వలస వచ్చిన ఆడవాళ్లు తలవంచుకుని పనిచేస్తారన్న అపోహ మాత్రం ఆ గేటు దగ్గరే పోయింది.

సగటుజీవి

ఆవిడకు నమస్కారం. అయితే ఆవిడకు ఇక్కడ స్థిరపడే హక్కు ఉంది కదండీ. మా చెల్లెలికి లేదు.

డేల్స్‌బాటసారి

సగటుజీవి గారూ, నేను అడిగిన ప్రశ్న కంటే మీది పెద్దది. దీపం దగ్గర ఆగిన ఆ కార్లలో నాదీ ఒకటి, అందరూ ఎందుకు ఆగారో నేను ఊహించుకున్నాను తప్ప ఎవరినీ అడగలేదు. ఇక్కడివాళ్లు మరీ విధేయులన్న నా అభిప్రాయం కొంత సడలింది, పూర్తిగా పోలేదు. చెత్త డబ్బాల విషయంలో మాత్రం నా మాట నాదే. కానీ ఇప్పుడు మీ చెల్లెలి సంగతి ముందు చూడాలి. తర్కశాస్త్రి గారూ, ఏమైనా దారి ఉందా?

తర్కశాస్త్రి

ఉంది. పని చేసే ఇళ్ల మధ్య ప్రయాణానికి పట్టే సమయాన్ని కూడా కనీస వేతనం లెక్కలో చేర్చాల్సిందే. అది దయాదాక్షిణ్యం కాదు, చట్టం. డ్యూటీ పట్టిక ఫోటోలు, జీతం చీటీలు, బస్సు టికెట్లు, మేనేజరు పంపిన సందేశాలు అన్నీ తేదీలవారీగా దాచుకోమనండి. వాటిని ఆఫీసు ఈమెయిల్‌లో కాక సొంత ఫోనులో ఉంచుకోవాలి. ఉద్యోగ వివాదాల్లో సలహా ఇచ్చే ఏకాస్ సంస్థ ఫోను సలహాకు డబ్బు తీసుకోదు, పేరు చెప్పాల్సిన పని లేదు. కనీస వేతనం ఎగవేతపై ప్రభుత్వానికి కూడా ఫిర్యాదు చేయవచ్చు, పేరు గోప్యంగా ఉంచమని అడగవచ్చు. ట్రైబ్యునల్‌కు వెళ్లాలంటే గడువు చాలా తక్కువ, నెలల్లోనే ముగుస్తుంది, కాబట్టి ఆలస్యం వద్దు.

వీసా సంగతి విడిగా చూడాలి. స్పాన్సర్ లైసెన్సు ఉన్న మరో సంరక్షణ సంస్థను ముందే వెతుక్కుని పెట్టుకుంటే భయం సగం తగ్గుతుంది. వలస సలహాదారు దగ్గరికి వెళితే, ఆయనకు ప్రభుత్వ నమోదు ఉందో లేదో ముందు చూసుకోమనండి. ఈ పేరుతో మోసం చేసేవాళ్లు చాలామంది ఉన్నారు.

రాత్రిడ్యూటీ

సగటుజీవి గారూ, మీ చెల్లెలు ఎక్కడుంటోంది? ఊరి పేరు ఇక్కడ బహిరంగంగా రాయకండి, నాకు విడిగా సందేశం పంపండి. మా యూనియన్‌లో సంరక్షణ కార్మికుల కోసం పనిచేసే ఒకావిడ ఉన్నారు. తెలుగు రాదు కానీ, పక్కన కూర్చుని చెప్పడానికి నేను వస్తాను. మంగళవారం నాకు సెలవు.

సగటుజీవి

పంపాను. ఇప్పుడే తనతో కూడా మాట్లాడాను. డ్యూటీ పట్టికల ఫోటోలు ఫోనులో పాతవన్నీ ఉన్నాయట. మంగళవారం సాయంత్రం షిఫ్టు లేదంటోంది.